తల నెరిస్తే తప్పా? కుంకుడు చెట్టు నుంచి రంగు పొట్లం దాకా

రెండేళ్ల కిందట మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి సోమవారం ఉదయం ముఖం వాచిపోయి వచ్చింది. కళ్లు తెరుచుకోవడం లేదు. నుదుటి మీద, చెవుల వెనక పొక్కులు. పురుగు కుట్టిందేమో అనుకున్నాం. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు తల చూసి "రంగు వేసుకున్నావా అమ్మా?" అని అడిగాడు. ఆ పిల్లకు పన్నెండో ఏటి నుంచే తలలో తెల్లవెంట్రుకలు ఉన్నాయి. బాలనెరుపు. తోటి పిల్లలు "ముసలమ్మా" అని పిలిచేవాళ్లు. ఆ మాట పడలేక సంతలో రంగు పొట్లం కొని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పెట్టుకుంది. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి పెట్టుకున్నప్పుడు ముఖం వాచింది.

పిల్లను చూడటానికి వాళ్ల నాయనమ్మ వచ్చింది. తల పూర్తిగా తెలుపు. గట్టిగా ముడి వేసుకుంది, ఇప్పనూనె వాసన వస్తోంది. సంగతంతా విని ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేదు. "బిడ్డా, నా తల తెల్లగైనంకనే ఊరోళ్లు నన్ను మాట అడగవట్టిండ్రు. దీని తల తెల్లగైతే నవ్వుతున్నరా?"

ఒకే ఇంట్లో నాయనమ్మ తెల్లజుట్టు గౌరవం, మనవరాలి తెల్లజుట్టు అవమానం. ఈ మార్పు ఎప్పుడు వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఈ వ్యాసం. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర మన పిల్లలకు చెబుతున్నాం. తలకు రాసుకునే నూనెకూ చరిత్ర ఉంది. అందులో మన అడవి ఉంది, మన చెమట ఉంది.

అడవి ఇచ్చిన తలస్నానం

మా చిన్నప్పుడు ఇంట్లో సబ్బు ఉండేది కాదు. తలకు కుంకుడుకాయ, లేకపోతే శీకాయ. చలికాలం చివర కుంకుళ్లు రాలుతాయి. ఏరి, ఎండబెట్టి, కొంత అమ్ముకుని కొంత ఇంటికి ఉంచుకునేవాళ్లం. తలస్నానం రోజు కాయలు రాయితో కొట్టి, గింజ తీసేసి, పెంకును వేడినీళ్లలో నానబెట్టి పిసికితే నురగ వచ్చేది. ఆ నురగకు కారణం కాయలో ఉండే సపోనిన్ అనే పదార్థం. అది జిడ్డును పట్టుకుని నీళ్లతో బయటికి తీసుకుపోతుంది. సబ్బు చేసే పని అదే. పట్టుబట్టలు ఉతకడానికి, బంగారు నగలు కడగడానికి పట్నంవాళ్లు కూడా కుంకుడు రసమే వాడేవాళ్లు.

కుంకుడు గట్టిది. జిడ్డును బాగా లాగేస్తుంది, కంట్లో పడితే మంట. శీకాయ మెత్తనిది. నురగ తక్కువ, జుట్టును మరీ ఎండగట్టదు. అందుకే మా ఊళ్లో ముసలివాళ్లకు శీకాయ, పిల్లలకు కుంకుడు అని ఒక లెక్క ఉండేది. ఈ లెక్క ఎవరూ పుస్తకంలో రాయలేదు. నెరిసిన జుట్టు పొడిగా, బిరుసుగా ఉంటుందని చేతితో చూసి తెలుసుకున్నారు.

ఇక నూనెలు. ఇప్ప చెట్టు మనకు పువ్వు ఇచ్చాక కాయ ఇస్తుంది. ఆ కాయలోని గింజను ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి, రెండు దుంగల మధ్య నొక్కి నూనె తీసేవాళ్లు. ఆ నూనెతోనే కూర, దానితోనే దీపం, దానితోనే తల. చలికి అది నెయ్యిలా గడ్డకడుతుంది. అరచేతిలో వేసి రుద్దితే కరుగుతుంది. విశాఖ మన్యంలో వలిసెల నూనె ఉంది. అరకు, పాడేరు వైపు చలికాలంలో పసుపురంగు పూలతో కనిపించేవి ఈ వలిసె చేలే. ఫొటోలు తీసుకునేవాళ్లకు అది అందం, పండించేవాళ్లకు అది ఇంటి నూనె. మైదానం దగ్గరి ఊళ్లలో ఆముదం.

గుంటగలగరాకు, మందారాకు, ఉసిరికాయ కూడా తలకు వాడతాం. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇవి తలకు చల్లదనం ఇస్తాయి, జుట్టు మెత్తబడుతుంది. అయితే నెరిసిన వెంట్రుక వీటితో తిరిగి నల్లబడటం నేను ఏ ఊళ్లోనూ చూడలేదు. మా పెద్దవాళ్లు కూడా నల్లబడాలని వాడలేదు. పేలు పట్టకుండా, చిక్కు పడకుండా, తల వేడెక్కకుండా వాడారు. "తెల్లజుట్టును నల్లగా మార్చే అడవి మూలిక" అని సీసాల మీద మన బొమ్మలు వేసి అమ్మేవాళ్ల మాట మన పెద్దల మాట కాదు.

నెరిసిన తలకు ఊళ్లో చోటు

మనకు రాసిన చరిత్ర తక్కువ. గుర్తు పెట్టుకున్న చరిత్ర ఎక్కువ. కోయల్లో డోలోళ్లు పడిగె విప్పి గోత్రాల కథ చెబుతారు. గోండుల్లో పర్ధానులు కింగ్రీ వాయిస్తూ చెబుతారు. ఏ గట్టు ఏ గోత్రానిది, ఏ ఇంటికి ఏ ఇంటితో వియ్యం కుదురుతుంది, కరువు ఏడు ఏ దుంప తవ్వి తిన్నారు, ఏ దుంపను ఎన్నిసార్లు కడిగితే చేదు పోతుంది, ఇవన్నీ నెరిసిన తలల్లోనే ఉండేవి. అందుకే విత్తనాల పండుగకైనా, తగువు తీర్చడానికైనా ముందు పెద్దవాళ్లను కూర్చోబెట్టేవాళ్లు. నెరుపు అంటే ముసలితనం ఒక్కటే కాదు. చూసిన ఏళ్ల లెక్క అది.

జుట్టు మనకు అలంకారం కూడా. నల్లమల చెంచు మగవాళ్లు జుట్టు పెంచి ముడి వేసుకునేవాళ్లు. బస్తర్ మురియాల్లో గోటుల్ యువకులు కర్రతో దువ్వెనలు చెక్కి తమకు నచ్చిన అమ్మాయిలకు ఇచ్చేవాళ్లని వెరియర్ ఎల్విన్ 1947లో వెలువడిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. ఆ బస్తర్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇవాళ గోదావరి రెండు గట్ల మీదా ఉన్నాయి.

బయటివాళ్లు మన తలలను వేరే చూపుతో చూశారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి అచ్చు వేయించాడు. ఆయన పరికరాలతో మనుషుల తలలు, ముక్కులు కొలిచి అంకెలు రాసుకున్నాడు. తల కొలత ఆ పుస్తకాల్లో దొరుకుతుంది. తలలో ఉన్నదాన్ని మాత్రం ఆ కొలబద్ద అందుకోలేదు. తర్వాత వచ్చిన హైమెండార్ఫ్ ఊళ్లలోనే ఉండి, పెద్దవాళ్లతో కూర్చుని విన్నాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజగోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి. ఆయన తీసిన ఫొటోల్లో మన తాతలు, అవ్వలు నెరిసిన తలలతో తలవంచకుండా కెమెరా వైపు చూస్తారు. పిల్లలకు ఆ ఫొటోలు చూపించాలి.

కుంకుడు కాయ మీద ఎవరికి హక్కు?

అడవి మీద ప్రభుత్వం చేయి పడ్డాక తలకు రాసుకునే కాయ కూడా "అటవీ ఉత్పత్తి" అయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకు ముందే 1879లో కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు, మన్సబ్‌దారు దోపిడీ భరించలేక రంప ప్రాంతం తిరగబడింది. మన తాతముత్తాతలు అడవిలో ఏరుకున్నదాన్ని మన సొంతం అనుకున్నారు. చట్టం మాత్రం దాన్ని సర్కారు సొత్తు అంది.

రెండో దెబ్బ సంతలో పడింది. షావుకారు ఉప్పు, పొగాకు, బట్ట అప్పుగా ఇచ్చేవాడు. బదులుగా చింతపండు, కుంకుళ్లు, శీకాయ, ఇప్పగింజ తీసుకునేవాడు. కొలత అతని చేతిలో, లెక్క అతని పుస్తకంలో. ఈ దోపిడీ ఆపాలని 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ మొదలైంది. మనం జిసిసి అంటాం. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న తరహా అటవీ ఉత్పత్తులు కొనే అధికారం ఆ సంస్థకే దక్కింది. 1996 పెసా చట్టం ఆ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకు చెందాలంది. 2006 అటవీ హక్కుల చట్టం వాటిని ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనదని రాసింది.

చట్టం కాగితం మీద వచ్చింది. అయితే సంతలో నేను చూసేది వేరు. మా అమ్మలాంటి ఒక తల్లి బుట్టెడు కుంకుళ్లు తెచ్చి తూచి ఇస్తుంది. చేతిలో పడిన డబ్బుతో పక్క దుకాణంలో తీగకు వేలాడే షాంపూ పొట్లాలు కొంటుంది. కాయ మనదే, బేరం మనది కాదు. పట్నంలో "సహజమైన కుంకుడు పొడి" అని అందమైన డబ్బాలో అదే కాయ ఎన్నో రెట్ల ధరకు అమ్ముడవుతుంది. జిసిసి కూడా కుంకుడు పొడి, శీకాయ పొడి, సబ్బులు గిరిజన్ పేరుతో అమ్ముతోంది. మన ఊరి సంఘాలు కాయ ఎండబెట్టి, గింజ తీసి, పొడి కొట్టే దాకా తామే చేయగలిగితే ఆ ధరలో కొంతైనా ఊళ్లో నిలుస్తుంది.

షాంపూ, రంగు ఎలా వచ్చాయి?

షాంపూ అనే మాట ఇంగ్లీషువాళ్లది అనుకుంటాం. అది మన దేశపు మాటే. హిందీలో చాంపో అంటే నొక్కు, మర్దన చెయ్యి అని. పాట్నాకు చెందిన షేక్ దీన్ మహమ్మద్ కంపెనీ సైన్యంలో పనిచేసి, తర్వాత ఇంగ్లండు వెళ్లి, 1810ల్లో బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానాల ఇల్లు పెట్టాడు. అక్కడ చేసే మర్దనను షాంపూయింగ్ అన్నారు. రాజులు కూడా ఆయన దగ్గరికి వచ్చారు. తలకు నూనె పెట్టి నొక్కే మన అవ్వల పని ఆ మాటలో ఉంది. తర్వాత కాలంలో మర్దన పోయింది, సీసాలోని ద్రవానికి ఆ పేరు మిగిలింది. 1980ల్లో తమిళనాడు కంపెనీలు షాంపూను చిన్న పొట్లాల్లో అమ్మడం మొదలుపెట్టాయి. రోడ్డు లేని ఊరికి కూడా ఆ పొట్లం చేరింది. కుంకుళ్లు కొట్టే పని తప్పింది. ఆడవాళ్లకు అది సుఖమే, కాదనను. దాంతోపాటు కుంకుడు చెట్టు మీద శ్రద్ధ కూడా తప్పింది.

రంగు కథ ఇంకా దూరం నుంచి మొదలవుతుంది. పూర్వం తలకు రంగు కావాలంటే గోరింటాకు, నీలి ఆకు. గోరింట ఎర్రగా పండుతుంది. దాని మీద నీలి ఆకు పొడి పెడితే నల్లగా కనిపిస్తుంది. నీలిమందు ఒకప్పుడు కడప, నెల్లూరు వైపు విస్తారంగా పండేది.

1856లో లండన్‌లో పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియాకు మందైన క్వినైన్‌ను బొగ్గు తారు నుంచి తయారు చేయాలని ప్రయత్నించాడు. క్వినైన్ రాలేదు, ఊదారంగు వచ్చింది. మన ఏజెన్సీని పీడించిన మలేరియాకు మందు వెతకబోతే ప్రపంచానికి రసాయన రంగులు దొరికాయి. 1897లో జర్మన్లు రసాయన నీలిమందును బజారులోకి తెచ్చారు. దాంతో మన నీలి పొలాలు మూతపడ్డాయి.

అదే బొగ్గు తారు రసాయనాల నుంచి 1863లో పారాఫినైలీన్ డైఅమైన్ అనే పదార్థం బయటపడింది. దాన్ని పొట్టిగా పిపిడి అంటారు. ఇరవై ఏళ్లకు అది జుట్టును నల్లబరుస్తుందని కనిపెట్టారు. 1907లో ఫ్రాన్సులో యూజీన్ షూలెర్ అనే రసాయన శాస్త్రవేత్త జుట్టు రంగు తయారు చేసి, 1909లో కంపెనీ పెట్టాడు. దాని పేరుకు అర్థం "హాని చేయని జుట్టు రంగుల ఫ్రెంచి కంపెనీ". హాని చేయని అని పేరులోనే చెప్పుకోవలసి వచ్చిందంటే అప్పటికే జనానికి రంగులంటే ఎంత భయం ఉందో చూడండి. 20వ శతాబ్దంలో జర్మనీ, ఫ్రాన్స్, స్వీడన్ దేశాలు ఒక దశలో జుట్టు రంగుల్లో పిపిడిని నిషేధించాయి కూడా. తర్వాత పరిమితులు పెట్టి అనుమతించారు. ఈనాటికీ నల్లరంగు పొట్లాల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఇదే. "నల్ల గోరింట" అని అమ్మే పొడుల్లో కూడా చాలాసార్లు ఇదే కలుపుతారు. గోరింట ఎప్పుడూ నల్లగా పండదు. నల్లగా పండిందంటే అందులో ఇంకేదో ఉందని గుర్తు.

మా పిల్లకు రెండోసారి ముఖం ఎందుకు వాచిందో ఇప్పుడు అర్థమవుతుంది. మొదటిసారి తగిలినప్పుడు ఒళ్లు ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ తగిలినప్పుడు తిరగబడుతుంది. ఒకసారి ఇలా అయినవాళ్లు ఆ రంగును జన్మలో మళ్లీ ముట్టకూడదు. ఈ రంగు కడుపులోకి పోతే ఇంకా ప్రమాదం. గొంతు వాచి ఊపిరి ఆగుతుంది, మూత్రపిండాలు చెడతాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఈ విషంతో పోయిన యువతీయువకులు ఎందరో ఉన్నారు. దీనికి విరుగుడు మందు లేదు. ఎవరి కడుపులోకైనా పోయిందని తెలిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో ఉంచితే పురుగుమందులాగే తాళం వేసి ఉంచాలి. మనసు బాగాలేని పిల్లలు కనిపిస్తే దగ్గర కూర్చుని మాట్లాడాలి. ఉపాధ్యాయులుగా అది మన పనే.

జుట్టు ఎందుకు నెరుస్తుంది, ఎలా చూసుకోవాలి?

వెంట్రుక మొదట్లో రంగు తయారు చేసే కణాలు ఉంటాయి. ఆ రంగు మెలనిన్. వయసుతో ఆ కణాలు తగ్గుతాయి. అప్పుడు పుట్టే వెంట్రుక తెల్లగానే పుడుతుంది. ఒక తెల్లవెంట్రుక పీకితే పది వస్తాయన్నది ఉత్త మాట. అయితే పదేపదే పీకితే ఆ చోటు పాడవుతుంది. చిన్న వయసులో నెరిస్తే ఎక్కువసార్లు అది వంశం నుంచి వచ్చినదే. కొందరిలో బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ జబ్బు కారణం కావచ్చు. పొగ తాగేవాళ్లకు త్వరగా నెరుస్తుంది. కాబట్టి బాలనెరుపు ఉన్న పిల్లను వెక్కిరించకుండా ఆసుపత్రిలో ఒకసారి రక్తపరీక్ష చేయించాలి. బి12 గుడ్డు, చేప, మాంసం, పాలల్లో ఉంటుంది.

వయసు పెరిగేకొద్దీ తల చర్మంలో నూనె ఊరడం తగ్గుతుంది. అందుకే నెరిసిన జుట్టు ఎండిపోయి బిరుసెక్కుతుంది. మెలనిన్ లేనందున ఎండ దెబ్బ కూడా ఎక్కువ తగులుతుంది. పొయ్యి పొగకు, చుట్ట పొగకు పసుపెక్కుతుంది. మన అవ్వలు చేసినవి ఈ కారణాలకు సరిగ్గా సరిపోతాయి. వారానికి ఒకటి రెండుసార్లే తలస్నానం. అంతకు ముందు కొంచెం నూనె. మరీ వేడినీళ్లు కాకుండా గోరువెచ్చని నీళ్లు. కుంకుడు కన్నా శీకాయ. తడిజుట్టును లాగి దువ్వకుండా, ఆరాక పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీయడం. ఎండలో పనికి పోతే తలగుడ్డ. రంగు కావాలనుకునేవాళ్లు వేసుకోవచ్చు, అది వాళ్ల ఇష్టం. అయితే 48 గంటల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూడాలి. దురద, వాపు వస్తే ఆ పొట్లం పారేయాలి. పిల్లలకు మాత్రం వద్దే వద్దు.

బడిలో ఒక పని

మా పిల్ల కోలుకున్నాక నేను తరగతిలో ఒక పని పెట్టాను. ప్రతి ఒక్కరూ తమ ఊళ్లో తల నెరిసిన ఒకరి దగ్గర కూర్చుని మూడు ప్రశ్నలు అడగాలి. చిన్నప్పుడు తలకు ఏం వాడారు? ఆ చెట్టు ఇప్పుడు ఎక్కడ ఉంది? ఆ కాయను ఎవరికి, దేనికి బదులుగా ఇచ్చారు? పిల్లలు రాసుకొచ్చిన కాగితాల్లో అడవి మొత్తం ఉంది. షావుకారు తూకం ఉంది, ఇప్పనూనె ఎలా తీశారో ఉంది. ఒక ఊరి పేరే కుంకుడు చెట్టు మీద వచ్చిందని ఉంది. ఆ చెట్టు ఇప్పుడు లేదని కూడా ఉంది. అది చదివిన రోజు పిల్లలే అడిగారు, "మేడం, వానలు పడ్డాక బడి వెనక కుంకుడు మొక్కలు పెడదామా?" అని. పెట్టాం. నాలుగు బతికాయి. కాయ కాయడానికి ఏళ్లు పడుతుంది, పర్వాలేదు.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు ఇంటరు చదువుతోంది. తలలో తెలుపు అలాగే ఉంది. నాయనమ్మ దగ్గర కూర్చుని రాసుకున్న కాగితాలు జాగ్రత్తగా దాచుకుంది. నాకూ నలభై దాటాయి. చెవుల పక్కన నెరుస్తోంది. బడికి పోయే ముందు అద్దంలో చూసుకున్నప్పుడు ఆ నాయనమ్మ మాట గుర్తొస్తుంది. ఊరు మనల్ని మాట అడగాలంటే అడగదగిన మాట మన దగ్గర ఉండాలి. దాన్ని మన పెద్దల దగ్గర, వాళ్లు ఉండగానే, అడిగి రాసుకుందాం.